లినక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) కంపైల్‌కు ఏ కాన్ఫిగ్‌తో (అందులో ఏయే భాగాలు ఉండాలో చెప్పే ఫైలు) మొదలుపెట్టాలి?

నరసాపురం కొత్త:
డెబియన్ లినక్స్ ఇచ్చిన కాన్ఫిగ్‌ను బూట్ ఫోల్డరు నుంచి తెచ్చి, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (కొత్త ఆప్షన్లకు డిఫాల్ట్ విలువలు పెట్టే కమాండ్) కొట్టి కంపైల్ మొదలుపెట్టాను. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, బ్యాటరీ ఎప్పుడో పోయింది. అయిదు గంటలైనా తెమలలేదు, ఈలోగా కరెంటు పోయింది. ఉత్త డెఫ్‌కాన్ఫిగ్ తీసుకోవచ్చా?

లంకవాసి:
వద్దు. డెఫ్‌కాన్ఫిగ్ ఆ రకం ప్రాసెసర్లన్నిటికీ ఉమ్మడిగా పెట్టినది, మీ యంత్రాన్ని చూసి రాసినది కాదు. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడండి. 2009లో వచ్చిన 2.6.32 కెర్నెల్ నుంచీ ఉంది. ఎల్‌ఎస్‌మాడ్ కమాండ్ చూపే జాబితాలో లేని మాడ్యూళ్లను (డ్రైవర్ల వంటి విడి భాగాలను) తీసేస్తుంది. ఇంట్లో లేని వస్తువుల డ్రైవర్లకు కరెంటు ఎందుకు తగలేయాలి?

పాలకొల్లు కాలువ:
కరెంటు వచ్చాక మళ్లీ మేక్ కొట్టండి. అయిన ఫైళ్లు పోవు.

చెరువుగట్టు, భీమవరం:
లంకవాసి గారూ, రెండేళ్ల కిందట నాకూ ఇదే చెప్పారు. ఇంట్లో కంపైల్ చేసి ల్యాప్‌టాప్‌ను చెరువు దగ్గర పెట్టాను. ఆక్సిజన్ కొలిచే పరికరం తీగ తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆ తీగకు కావలసిన సీహెచ్341 డ్రైవర్ ఎగిరిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి వనామీ రొయ్యలు నీటిపైకి తేలి మీసాలు ఆడిస్తుంటే టార్చి వేసుకుని చూశాను. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు వేసేసరికే ఆలస్యమైంది.

లంకవాసి:
ఎల్‌ఎస్‌మాడ్ అంటే ఆ క్షణాన లోడయి ఉన్నవే. తీగ తగిలించి చేసి ఉంటే ఆ డ్రైవర్ నిలిచేది. తప్పు పద్ధతిది కాదు.

చెరువుగట్టు:
ఆ ఒక్క వాక్యం అప్పుడు రాశారా?

పాలకొల్లు కాలువ:
గ్రబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌ను ఎంచుకునే మెనూలో) పాత కెర్నెల్ ఉండాలి కదా?

చెరువుగట్టు:
ఉంది. ఆ రాత్రి ల్యాప్‌టాప్ దగ్గర ఉన్నది కాపలా కుర్రాడు. గ్రబ్ అంటే అతనికి ఏమి తెలుసు?

లంకవాసి:
కాపలా కుర్రాడి చేతిలో పెట్టే యంత్రానికి సొంత కెర్నెల్ ఎందుకండీ? అయినా అందరికీ ‘డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిందే వాడుకోండి’ అని చెబుతూ పోతే మన ప్రాంతంలో మెనూకాన్ఫిగ్ (కెర్నెల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూ) తెరిచి చదివేవారు ఒక్కరూ మిగలరు. ఒక్కొక్క ఆప్షన్ సహాయం చదువుకుంటూ నేను నేర్చుకున్నాను. ఆ దారి మూసేయమంటే నా వల్ల కాదు.

చెరువుగట్టు:
మూయమని ఎవరు అన్నారు? నేర్చుకునేవాడికి కంప్యూటర్ ఆగితే ఒక సాయంత్రం పోతుంది, నాకు పంట పోయింది. అడిగినవాడు ఏ పనికి వాడతాడో కనుక్కుని చెప్పండి. ఏది పోతుందో కూడా రాయండి. ఇంతకన్నా నేనేమీ అడగలేదు.

లంకవాసి:
తీగ మాట అప్పుడు రాయవలసింది. రాయలేదు, అది నా తప్పే. కానీ డెబియన్ కాన్ఫిగ్‌నే మొత్తంగా కంపైల్ చేయడం వృథా అనే మాట వెనక్కి తీసుకోను.

నరసాపురం కొత్త:
డెబియన్ కాన్ఫిగ్ అలాగే ఉంచి, పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్, ఫోను అన్నీ తగిలించాను. సౌండ్ డ్రైవర్ లోడవ్వాలని పాట కూడా పెట్టి, ఎల్‌ఎస్‌మాడ్ జాబితాను ఫైలులో దాచాను. బిల్లుల ప్రింటర్ నాన్నగారి దుకాణంలో ఉంది. రేపు అదీ తగిలించి జాబితా మళ్లీ తీస్తాను. అప్పటిదాకా లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టను.