వారంటీ అయిపోయిన లాప్‌టాప్‌కి "బోర్డు పోయింది" అంటే మార్చేయాల్సిందేనా?

ప్రశ్న (ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా)

లాప్‌టాప్ కొని మూడున్నరేళ్లయింది, వారంటీ లేదు. చార్జర్ పెట్టగానే లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోతోంది. పవర్ బటన్ నొక్కితే చలనం లేదు. నెల్లూరులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే అన్నారు. చెప్పిన రేటుకి కాస్త కలిపితే సెకండ్‌హ్యాండ్ లాప్‌టాపే వస్తుంది. చిప్ లెవల్లో (బోర్డు మార్చకుండా, దాని మీద పోయిన చిన్న భాగమే మార్చి) బాగవుతుందా? చెల్లి ప్రాజెక్టు ఫైళ్లు అందులో ఉన్నాయి, అవి ముఖ్యం. అడాప్టర్ 19.5 వోల్టులది, గుండ్రటి పిన్ను.

జవాబు 1 (ఒంగోలు, చిప్ లెవల్ పని)

లైటు వెలిగి ఆరిపోతోందన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. బోర్డు మీద 19 వోల్టుల లైన్లో ఎక్కడో షార్ట్ ఉంటే అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అయితే ముందు అడాప్టర్ సంగతి తేల్చండి. లాప్‌టాప్‌కి పెట్టకుండా, మల్టీమీటర్ డీసీ 200 రేంజ్‌లో పెట్టి కొలవండి (20 రేంజ్ పెడితే కొన్ని అడాప్టర్లకు అంచు దాటుతుంది). 19.5 దగ్గర వచ్చినా లోడ్ మీద (లాప్‌టాప్ కరెంటు లాగేటప్పుడు) పడిపోవచ్చు. అందుకే అదే వోల్టేజ్, అదే పిన్ను, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లున్న ఇంకో అడాప్టర్‌తో కూడా చూడండి. దానికీ లైటు ఆరిపోతే తప్పు లాప్‌టాప్‌లోనే.

షార్ట్ అంటే బోర్డంతా పోయినట్టు కాదు. ఎక్కువసార్లు ఒక సిరామిక్ కెపాసిటరో, ఒక మాస్‌ఫెట్టో (కరెంటుకి స్విచ్‌లా పనిచేసే చిన్న భాగం) షార్టవుతుంది. టెక్నీషియన్ ఆ లైనుకి 1 వోల్టు లోపు ఇచ్చి ఏ భాగం వేడెక్కుతోందో థర్మల్ కెమెరాతోనో, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) చల్లితే ఎక్కడ ముందు ఆరిపోతోందో చూసో పట్టుకుంటారు. ఆ ఒక్క ముక్క మారిస్తే సరిపోతుంది. ఒక్క చోట మాత్రం ఆశ తక్కువ: ప్రాసెసర్‌కి కరెంటిచ్చే భాగంలో 19 వోల్టుల లైను వైపున్న మాస్‌ఫెట్ షార్టయితే ఆ 19 వోల్టులు నేరుగా ప్రాసెసర్‌లోకి పోతాయి. బోర్డుకే అతికించిన ప్రాసెసర్ కాలితే ఖర్చు పెట్టడం దండగ. ఇంకో మాట, ప్రాసెసర్ లైన్లో ఓమ్‌లు (మీటర్ చూపే రెసిస్టెన్స్) తక్కువగా ఉండటం మామూలే. అది చూపించి "షార్ట్, బోర్డు పోయింది" అనేవాళ్లుంటారు. కాబట్టి షాపులో "ఏ లైన్ షార్ట్? ఎంత ఓమ్‌లు?" అని అడగండి. జవాబు రాకపోతే బోర్డు వదిలి రావద్దు.

జవాబు 2 (కావలి)

అన్నా, రిపేరుకిచ్చే ముందు ఎస్ఎస్‌డీ (ఫైళ్లుండే డ్రైవ్) తీసి మీ దగ్గర పెట్టుకోండి. వెనక మూత విప్పి, మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. లాప్‌టాప్ ఆపేసినా బ్యాటరీ కరెంటు బోర్డు మీద ఉంటుంది. స్క్రూలు ఏవి ఎక్కడివో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే బోర్డుకి తగులుతుంది. ఎస్ఎస్‌డీల్లో రెండు రకాలు, ఎన్‌వీఎంఈదా, సాటాదా అని లేబుల్ మీద చూసి దానికి తగ్గ యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (ఇంకో కంప్యూటర్‌కి తగిలించే కేసు) కొనండి, ఒకదాని కేసు ఇంకోదానికి పనిచేయకపోవచ్చు. విండోస్ 11 అయితే బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఆన్ అయి ఉండొచ్చు. 48 అంకెల రికవరీ కీ చెల్లెలి మైక్రోసాఫ్ట్ అకౌంట్లో చూసుకోండి. బోర్డు మార్చినా విండోస్ ఆ కీ అడుగుతుంది.

ప్రశ్న వేసినవారు

వేరే అడాప్టర్‌తోనూ అంతే. మూత విప్పితే చార్జింగ్ జాక్ దగ్గర పచ్చగా పట్టి ఉంది. మా ఊరు సముద్రానికి దగ్గర, పక్కనే రొయ్యల గుంటలు. ఎస్ఎస్‌డీ తీసేశాను. ఈ పచ్చదాన్ని నేనే తుడవొచ్చా?

జవాబు 1 (ఒంగోలు)

అది ఉప్పుగాలికి రాగి తుప్పు. మీ ప్రాంతంలో ఇది తరచుగా వస్తుంది. బ్యాటరీ ఊడి ఉండగా 99 శాతం ఐపీఏ, మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నీళ్లు, పెట్రోలు, థిన్నరు వద్దు. తుడిచాక చార్జర్ పెట్టి ఆడించి చూడకండి. కింద భాగాల కాళ్లను (పిన్నులను) తుప్పు తినేసి ఉంటే తడి పోయినా షార్ట్ పోదు. జాక్ వైరుతో బోర్డుకి తగిలే రకమైతే ఆ వైరు ఊడదీసి కొలిస్తే షార్ట్ జాక్‌లోనా బోర్డులోనా తేలిపోతుంది. జాక్‌లోనే ఉంటే బోర్డు ముట్టుకోనక్కర్లేదు. బోర్డులో ఉంటే మాత్రం మైక్రోస్కోప్, హాట్ ఎయిర్ (వేడిగాలితో చిన్న భాగాలు ఊడదీసి అతికించే పరికరం) ఉన్న చోటికే ఇవ్వండి. నెల్లూరులో దొరక్కపోతే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్ దగ్గరే కదా. హీట్ గన్‌తో చిప్ వేడిచేసి ఇస్తామన్నవాళ్లకి ఇవ్వకండి, కొన్ని వారాల్లో మళ్లీ అదే తిప్పలు.

జవాబు 3 (నెల్లూరు)

ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ రాయించుకోండి: సీరియల్ నంబరు, తప్పు ఏమిటి, ఒప్పుకున్న రేటు, ఎస్ఎస్‌డీ తీసి ఇచ్చినట్టు, పాత భాగం తిరిగివ్వాలని. కొత్త భాగానికి ఎన్నాళ్ల గ్యారంటీయో బిల్లు మీద ఉండాలి. కంపెనీ వారంటీ లేకపోయినా డబ్బిచ్చి చేయించుకున్న పని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికే వస్తుంది. తేడా వస్తే 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. తేలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్లో రెండేళ్లలోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు, 5 లక్షల వరకు ఫీజు లేదు. బిల్లు లేకుండా అక్కడికి వెళ్తే నిరూపించడం కష్టం.