జార్జియన్ మహాగని చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్ కొనే ముందు ఏం చూడాలి?

రవి_లీడ్స్: అందరికీ నమస్కారం. మాకు దగ్గర్లో జరిగే వేలంలో ఒక మహాగని (ఎర్రటి గట్టి కలప) చెస్ట్, అంటే సొరుగుల బల్ల, వస్తోంది. నాలుగు వరుసల సొరుగులు, ఇత్తడి పిడులు. కేటలాగులో 1770 ప్రాంతం, అంటే జార్జియన్ (ఇంగ్లండు జార్జ్ రాజుల) కాలం, ‘చిపెండేల్ స్టైల్’ అని రాశారు, అంచనా ధర 300-400 పౌండ్లు. లీడ్స్ దగ్గరి హేర్‌వుడ్ హౌస్ అనే పాత భవంతిలో, 18వ శతాబ్దపు పేరున్న ఫర్నిచర్ తయారీదారు చిపెండేల్ చేసిన సామాను చూసొచ్చినప్పటి నుంచి ఆ కాలపుది ఒక్కటైనా ఇంట్లో ఉండాలని నా కోరిక. ఇంత తక్కువంటే నకిలీయేమోనని టెన్షన్. శనివారం చూడ్డానికి వెళ్తున్నాను.

పద్మ_బాత్: ధర చూసి భయపడకండి రవి గారూ. ఇక్కడ ‘బ్రౌన్ ఫర్నిచర్’ అనే ఈ రకం ముదురు రంగు పాత చెక్క సామాను ధరలు 2000 సంవత్సరం తర్వాత బాగా పడిపోయాయి. మామూలు చెస్ట్ ఆ రేటుకు దొరకడం వింతేమీ కాదు. ‘చిపెండేల్ స్టైల్’ అన్న మాటకు మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆయన 1754లో తన నమూనాలను పుస్తకంగా అచ్చువేశాక వాటిని చూసి ఎంతోమంది వడ్రంగులు చేశారు.

పైన మెరుపు చూడొద్దు. సొరుగు పూర్తిగా బయటికి లాగి బోర్లించండి. ముందు పలక మహాగని అయినా పక్కలు, అడుగు ఓక్ లేదా పైన్ ఉంటాయి. అడుగు చెక్క మీద అరచేయి పెట్టి నిమరండి. చేత్తో చిత్రిక పట్టిన చెక్క సన్నటి అలల్లా తగులుతుంది. మూలల్లో డవ్‌టెయిల్ జాయింట్లు (పావురం తోక ఆకారంలో కోసి ఒకదాన్లో ఒకటి ఇమిడ్చిన అతుకులు) అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉంటే మెషీన్ పని. వెనక చెక్కల మీద రంపం గీతలు తిన్నగా ఉండాలి. విల్లులా వంగి ఉన్నాయంటే గుండ్రటి రంపంతో కోసినవి, అంటే చాలావరకు 19వ శతాబ్దం లేదా ఆ తర్వాతివి.

శ్రీను_క్రాయిడన్: నేను దెబ్బతిన్న చోటు చెప్తాను. పైన పుస్తకాల అల్మరా ఉన్న బ్యూరో (సొరుగులున్న రాతబల్ల) ఒకటి ఒక డీలర్ దగ్గర కొన్నాను. ఇంటికి తెచ్చి గోడకు జరుపుతుంటే కనబడింది, పై భాగం వెనక చెక్కలు ఒక రకం, కింది భాగానివి ఇంకో రకం. రెండు వేర్వేరు సామాన్లను కలిపేశారు. దీన్నే ఇక్కడ ‘మ్యారేజ్’ అంటారు. పాతవే, కానీ ఒకదాని కోసం ఒకటి చేసినవి కావు. విలువ బాగా తగ్గిపోతుంది. దయచేసి వెనక్కి వెళ్లి చూడండి, సిగ్గుపడకండి.

సుధ_బ్రిస్టల్: కొయ్య సంగతి ఒకటి చెప్పాలి. 1721లో అమెరికా, కరీబియన్ వలసల కలప మీద బ్రిటన్ దిగుమతి సుంకం ఎత్తేసింది. అప్పటి నుంచే మహాగని ఇంగ్లండుకు వెల్లువలా వచ్చింది, ముందు జమైకా నుంచి, తర్వాత క్యూబా, హోండురాస్ నుంచి. జమైకా అడవుల్లో ఆ మానులు నరికింది బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్లు. మా ఇంట్లో ఉన్న చిన్న టేబుల్ తుడిచినప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు. ఇష్టంగానే దాచుకుంటాను, ఆ కథ మా పిల్లలకూ చెప్తాను.

ఇంకోటి, టీ డబ్బాల్లాంటి వాటికి తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ ఏనుగు దంతం పొదిగి ఉంటే జాగ్రత్త. 1947కు ముందువై, దంతం 10 శాతం కన్నా తక్కువగా ఉన్నా సరే, బ్రిటన్‌లో అమ్మాలంటే రిజిస్టర్ చేయించాలి.

రవి_లీడ్స్: చూసొచ్చానండీ! పద్మ గారు చెప్పిన అలలు చేతికి తగిలాయి, ఒళ్లు పులకరించింది. రంపం గీతలు తిన్నగానే ఉన్నాయి. ఒక్క సందేహం: సొరుగు లోపలి వైపు ఒక్కో పిడికి రెండు బెజ్జాలు, వాటి మధ్యలో బిరడా కొట్టిన పెద్ద బెజ్జం. పక్క పలకల కింది అంచులు అరిగి సొరుగు వాలుతోంది.

పద్మ_బాత్: మధ్య బెజ్జం విక్టోరియన్ల కాలంలో (విక్టోరియా రాణి ఏలిన 1837-1901లో) పెట్టిన చెక్క గుబ్బది. తర్వాతెవరో మళ్లీ ఇత్తడి పిడులు వేశారు. చాలా చెస్టులకు జరిగిందే, దానికి బేరం మానుకోకండి. అరిగిన అంచుకు సన్నటి ఓక్ బద్ద అతికిస్తే చాలు. పైన పాలిష్ మాత్రం గీకించొద్దు, తేనెమైనం రాయండి. గదిని వేడిచేసే రేడియేటర్ పక్కన అసలు పెట్టకండి, మా దాని పక్క పలక ఒక్క చలికాలంలో నిలువునా చీలింది.

రవి_లీడ్స్: కిటికీ పక్క గోడ ఖాళీ చేశాను. గురువారం వేలం.