హెడ్‌ఫోన్‌లో గొంతు పోయి వాయిద్యాలే వినిపిస్తున్నాయి, కొత్తది కొనాల్సిందేనా?

వయొలిన్ అమ్మాయి, విజయనగరం:
ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత రికార్డింగులు పెట్టుకుని రోజూ సాధన చేస్తాను. మూడు రోజుల నుంచి అవి అసలు వినిపించడం లేదు, వాల్యూమ్ మొత్తం పెంచినా ఎక్కడో సన్నగా. కొత్త సినిమా పాటలైతే వెనక వాయిద్యాలు వస్తున్నాయి గానీ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. ఫోన్ స్పీకర్‌లో అన్నీ బాగానే ఉన్నాయి. షాపులో అడిగితే లోపల స్పీకర్లు పోయాయి, వేరేది కొనుక్కో అన్నారు. వచ్చే వారం పరీక్ష, టెన్షన్‌గా ఉంది. రెండు వేల లోపు బ్లూటూత్‌ది తీసుకోమంటారా?

రాజాం రిపేర్లు:
ఏదీ కొనకమ్మా, స్పీకర్లు పోలేదు. స్పీకర్ పోతే ఒక చెవి మూగబోతుంది, లేదా బరబరమంటుంది, గొంతు ఒక్కటే ఏరుకుని పోదు. రెండు చెవులకీ కలిపి కరెంటు తిరిగొచ్చే గ్రౌండ్ వైరు ఒకటే ఉంటుంది. అది తెగితే ఎడమకీ కుడికీ తేడా ఉన్న శబ్దం మాత్రమే మిగులుతుంది. పాటలో గొంతుని రెండు వైపులా సమానంగా పెడతారు కాబట్టి అది కొట్టుకుపోతుంది. ద్వారం వారి రికార్డింగులు మోనో, రెండు వైపులా ఒకటే శబ్దం, అందుకే మొత్తానికే పోయాయి. కావాలంటే ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చెయ్యి, సినిమా పాట కూడా దాదాపు ఆగిపోతే నేను చెప్పిందే. ముందు ఫోన్ ఆపేసి, జాక్ కన్నంలో పేరుకున్న నూలుపోగుల్ని చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తియ్యి. ఫోన్ కవర్ మందంగా ఉండి జాక్ పూర్తిగా దిగకపోయినా ఇలాగే అవుతుంది. అప్పటికీ రాకపోతే జాక్ మొదట్లో వైరుని అటూ ఇటూ వంచి చూడు.

కళింగపట్నం:
మాది సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలికి జాక్ మీద పచ్చగా చిలుము పడుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే నాకు రెండుసార్లు బాగైంది. బ్లూటూత్ మాత్రం వద్దండి. ఫోన్లో తంబుర శ్రుతి వింటూ వాయించడానికి ఇబ్బంది ఉండదు గానీ, తాళం పెట్టుకుని వాయిస్తే శబ్దం సెకనులో పదో వంతో ఇంకా ఎక్కువో ఆలస్యంగా వస్తుంది, చెయ్యి తప్పుతుంది. ఎప్పుడైనా కొంటే చెవిని పూర్తిగా కప్పే వైరుది, ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అది చూపే అడ్డు, 32 ఓమ్‌లు ఉన్నది చూడండి. 250 ఓమ్‌లవి ఫోన్‌కి సరిగ్గా పలకవు.

వయొలిన్ అమ్మాయి, విజయనగరం:
మోనో ఆన్ చెయ్యగానే అంతా నిశ్శబ్దం! కన్నం శుభ్రం చేసినా రాలేదు, జాక్ దగ్గర వైరు వంచితే మాత్రం ఒక్క క్షణం కమాను శబ్దం నిండుగా వచ్చింది. అన్నయ్య దగ్గర సోల్డరింగ్ ఐరన్ ఉంది, మమ్మల్నే జాక్ మార్చుకోమంటారా?

రాజాం రిపేర్లు:
మార్చుకోండి. తెగిన చోటుకి రెండు అంగుళాల పైన కత్తిరించండి. లోపలి సన్న తీగలకి రంగు పూత ఉంటుంది, అది పోయేదాకా కాల్చి సీసం పట్టించకపోతే ఎంత అతికినా శబ్దం రాదు. కొత్త జాక్ పైతొడుగుని అతికే ముందే వైరుకి తొడగడం మరిచిపోవద్దు.