ఓడలో మూడు రాత్రులు: నడుం కొలత మారకుండా దిగాలంటే (చర్చ)

సాగర్‌నగర్:
వైజాగ్ నుంచి చెన్నై వైపు క్రూయిజ్ ఎక్కుతున్న కుటుంబాల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తిండి టికెట్లోనే కలిసి ఉంటుంది. పొద్దున్న టిఫిన్‌తో మొదలై అర్ధరాత్రి దాకా ఏదో ఒక కౌంటర్ తెరిచే ఉంటుంది. బఫేలో ఏది తినాలి, ఏది వదలాలి? ఓడలో నడక ఏమాత్రం పనికొస్తుంది? షుగర్ ఉన్న పెద్దవాళ్ళ సంగతేంటి? "మితంగా తినండి" అని మాత్రం రాయకండి, అది అందరికీ తెలుసు. లెక్కలతో చెప్పండి.

ఉక్కునగరం:
ముందు భయం తగ్గించుకోవాలి. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. మూడు రోజుల్లో అంత కొవ్వు పట్టాలంటే రోజూ తినేదాని మీద ఇంకో 2,500 పైచిలుకు తినాలి. పూరీల్లో చెప్పాలంటే రోజుకి ఇరవై అదనం. అది మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు.

మరి దిగిన మర్నాడు కాటా రెండు కిలోలు ఎక్కువెందుకు చూపిస్తుంది? చాలావరకు నీళ్ళు. ఒంట్లో లీటరు నీటికి సుమారు 9 గ్రాముల ఉప్పు లెక్క. హోటల్ గ్రేవీలు, సూపులు, చిప్స్, పచ్చళ్ళతో నాలుగైదు గ్రాముల ఉప్పు అదనంగా నిలిచిపోయిందంటే అర లీటరు నీరు దాంతోపాటే ఆగుతుంది. రెండోది పిండిపదార్థం. అన్నం, రొట్టె, తీపి ఎక్కువైతే కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా (ఒళ్ళు దాచుకునే పిండిపదార్థంగా) చేరుతుంది. గ్రాము గ్లైకోజెన్ వెంట మూడు గ్రాముల నీరు చేరుతుంది. నీళ్ళు తక్కువ తాగి, ఆకుకూర తగ్గి, మలబద్ధకం అయితే అది ఇంకో అరకిలో. ఇవన్నీ మామూలు తిండికి వచ్చిన నాలుగైదు రోజుల్లో వాటంతట అవే పోతాయి.

అయితే ఈ ధైర్యం మూడు రాత్రులకే. సింగపూర్ నుంచో ఇంకెక్కడి నుంచో రెండు వారాల ఓడ ఎక్కేవాళ్ళకి లెక్క వేరు. రోజుకి 500 అదనమైతే 14 రోజుల్లో 7,000. దాదాపు కిలో, అదీ అసలు కొవ్వు.

పోపులడబ్బా:
పై లెక్క ఒప్పే. కానీ మూడు రోజుల్లో కిలో పట్టదు కదా అని పూర్తిగా వదిలేస్తే, ఆ వేళకాని వేళ తినే అలవాటు ఇంటికొచ్చాక ఇంకో పది రోజులు సాగుతుంది. అసలు నష్టం అక్కడ.

బఫేలో చేయాల్సిన మొదటి పని ప్లేటు తీయకుండా ఒక చుట్టు తిరగడం. చాలాచోట్ల వరస మొదట్లో బ్రెడ్లు, నాన్లు, పులావులు ఉంటాయి. చేపలు, గ్రిల్ చేసిన చికెన్, పప్పు, పెరుగు చివరికొస్తాయి. మొదటి నుంచి వడ్డించుకుంటూ పోతే చికెన్ దగ్గరికి వచ్చేసరికి ప్లేటులో చోటుండదు. అందుకే చివరి నుంచి వెనక్కి రండి. సగం ప్లేటు కూరగాయలు, సలాడ్. పావు ప్లేటు చేపో చికెనో పనీరో రాజ్మానో. మిగిలిన పావులో అన్నం లేదా ఒక రొట్టె, రెండూ కాదు. సలాడ్ మీద మయొనైజ్ పోయించుకుంటే మాత్రం దాన్ని సలాడ్ అనకండి, టేబుల్ స్పూనుకి 90 కేలరీల పైనే ఉంటుంది. నిమ్మకాయ, మిరియాల పొడి అడిగితే ఇస్తారు.

టిఫిన్ల దగ్గర తేడా బాగా తెలుస్తుంది. మూడు ఇడ్లీలు, చిన్న గిన్నె సాంబారు, ఉడికించిన గుడ్డు కలిపితే 300 అటూఇటూ. నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర 600 దాటతాయి. పైగా అవి తిన్న రెండు గంటలకే మళ్ళీ ఆకలి, ఎందుకంటే అందులో మాంసకృత్తులు తక్కువ. పూరీ తినాలని ఉంటే ఒకటి తినండి, పక్కన రెండు గుడ్లు. క్రోసాంట్ అనే పొరల బ్రెడ్డు చూడ్డానికి గాలిబుడగలా ఉంటుంది గానీ దాదాపు సగం కేలరీలు వెన్నవే.

రోజుకి ఒక్క పూట పండగ అనుకోండి. ఏ పూటో ముందే నిర్ణయించుకోండి. రాత్రి డైనింగ్ హాల్లో కూర్చుని తీరిగ్గా తినే భోజనం అయితే మంచిది, వడ్డించేవాళ్ళుంటారు, మళ్ళీ మళ్ళీ లేచి వెళ్ళడం ఉండదు.

గ్యాలీమనిషి:
వంటింటి వైపు నుంచి నాలుగు మాటలు. బఫే గిన్నెలకి వేడి ఆరకుండా కింద నుంచి వేడి తగులుతూ ఉంటుంది. పనీర్ బటర్ మసాలా, కోర్మా లాంటివి అలా ఇరవై నిమిషాలు ఉంటే నూనె విడిపోయి పైకి తేలుతుంది. గరిటెతో పైపైన తీసుకుంటే ప్లేటులోకి మొదట పడేది ఆ నూనే. గరిటె గిన్నె అడుగుదాకా దించి ముక్కలు పట్టుకుని, గిన్నె అంచుకి ఆనించి ఒక్క క్షణం వంచండి. నూనె కారిపోతుంది. టేబుల్ స్పూను నూనె 120 కేలరీలు. రెండు కూరలకి ఇలా చేస్తే ఒక పూరీ కంటే ఎక్కువే మిగులుతుంది, రుచి ఏమీ తగ్గదు.

ఆమ్లెట్, దోశ కౌంటర్లో మనిషి ఎదురుగానే ఉంటాడు కాబట్టి "నూనె ఒక చెంచానే" అని చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు. రాత్రి భోజనానికి ఉప్పు తక్కువ, నూనె తక్కువ కావాలంటే అదే పూట అడిగితే కష్టం. గ్రేవీ మధ్యాహ్నమే కాగిపోయి ఉంటుంది. ముందురోజు రాత్రి హెడ్ వెయిటర్‌కి చెబితే ఉడికించిన కూర, విడిగా వేయించిన చేప చేసిపెడతారు. మనవైపు నుంచి వెళ్ళే ఓడల్లో ఉల్లి, వెల్లుల్లి లేని జైన్ భోజనం అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి విడిగా వండటం వంటింటికి కొత్తేం కాదు.

ఇంకో సంగతి. అర్ధరాత్రి కౌంటర్లో పెట్టేవి ఎక్కువగా వేపుళ్ళు, పాస్తా, తీపి. పది గంటలకి భోంచేసినవాడికి పన్నెండింటికి నిజమైన ఆకలి వేయదు, వాసనకి నోరూరుతుంది. ఆ సమయంలో ఆ డెక్కు (ఓడ అంతస్తు) మీదకి పోకపోవడమే మందు.

చోడిఅంబలి:
ఏటండీ ఇంత లెక్క! పొద్దున్నే గ్లాసుడు చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలుండదు. ఓడలో దొరకదు గానీండి, ఎక్కే రోజు ఇంటి దగ్గర తాగి వెళ్ళొచ్చు. ఎక్కేది మధ్యాహ్నం అయితే ఖాళీ కడుపుతో టెర్మినల్లో లైన్లో నిల్చుని, ఓడెక్కీ ఎక్కగానే బఫే మీద పడతారు జనం. మొదటి పూటే మూడు రోజుల తిండి తినేస్తారు.

రెండోది, పిల్లల ప్లేట్లు. వాడు అడిగాడని పాస్తా, పిజ్జా, ఐస్‌క్రీమ్ అన్నీ పెట్టిస్తారు, వాడు మూడు ముద్దలు తిని ఒగ్గేస్తాడు. పారేస్తే పాపమని అమ్మ తినేస్తుంది. రోజుకి మూడు పూటలు అలగే. పిల్లలకి ముందు పావు ప్లేటే పెట్టండి, చాలకపోతే మళ్ళీ వెళ్ళొచ్చు, కౌంటర్ ఎక్కడికీ పోదు.

ఇక నడకంటారా, లిఫ్ట్ ఎక్కకండి. పదకొండు డెక్కుల ఓడ, మెట్లెక్కితే తిన్నదంతా కరిగిపోద్ది.

ఉక్కునగరం:
@చోడిఅంబలి మెట్ల మాట దగ్గర ఆగాలి. 70 కిలోల మనిషి ఒక డెక్కు, అంటే సుమారు మూడు మీటర్లు ఎక్కడానికి పట్టేది రెండున్నర కేలరీలే. పది డెక్కులు ఎక్కితే 25. సగం ఇడ్లీ. మెట్లు ఎక్కాను కదా అని గులాబ్ జామూన్ తింటే 150, అంటే అరవై డెక్కుల బాకీ.

చోడిఅంబలి:
సరే మాస్టారూ, లెక్క ఒప్పుకున్నా. కానీ లిఫ్ట్ మానేస్తే ఇంకో లాభం ఉంది. ఐస్‌క్రీమ్ ఆరు డెక్కుల పైనుంటే ఎక్కాలా వద్దా అని మనిషి ఒకసారి ఆలోచిస్తాడు.

పోపులడబ్బా:
అది నిజం. నడక కేలరీల కోసం కాదు, తిన్న తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారి ఎగరకుండా ఉండటానికి. భోజనం అయిన అరగంటలోపు పదిహేను నిమిషాలు నెమ్మదిగా డెక్కు మీద తిరగండి. మూడు పూటలకి 45 నిమిషాలు. ఆర్‌కే బీచ్‌లో రోజూ నడిచేవాళ్ళకి ఇది అలవాటైన దూరమే. బీచ్‌లోలా తిన్నగా పోయే దారి మాత్రం ఉండదు, చుట్లు తిరగాలి. ఎన్ని చుట్లకి కిలోమీటరో డెక్కు దగ్గర రాసి ఉంటే చూడండి, లేకపోతే ఫోన్‌లో అడుగుల లెక్క పెట్టుకోండి.

ఎండాకాలం, జూన్‌లో అయితే డెక్కు మీద నడక పొద్దున్న ఏడు లోపే. ఆ తర్వాత డెక్కు కాలిపోతుంది. తెల్లవారుజామున కడుగుతారు కాబట్టి తడిగా ఉంటుంది, హవాయి చెప్పులతో జారతారు. ఎండ ముదిరాకా, గాలి ఎక్కువై పై డెక్కు మూసేసినప్పుడూ లోపలి కారిడార్లలో నడవండి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ కంటే సైకిల్ మేలు. ఓడ ఊగుతున్నప్పుడు ట్రెడ్‌మిల్ మీద అడుగు తప్పుతుంది.

పెదవాల్తేరు మాస్టారు:
తాగుడు సంగతి ఎవరూ ఎత్తలేదేం? మన ఓడల్లో తిండి ఉచితంలా ఉన్నా మందుకి బిల్లు వేరే. కాబట్టి తిండి కన్నా తాగింది లెక్క తేలిక. సాయంత్రం రిసెప్షన్‌లో ఆ రోజు బిల్లు చూడండి, ఎన్ని గ్లాసులో తెలుస్తుంది.

60 ఎం.ఎల్. విస్కీ సుమారు 140 కేలరీలు. నీళ్ళతోనో సోడాతోనో అయితే అంతే. కోలా 200 ఎం.ఎల్. పోస్తే ఇంకో 85. టానిక్ వాటర్ సోడా లాంటిదనుకుంటారు, అందులో చక్కెర ఉంటుంది. 330 ఎం.ఎల్. బీరు 140. కొబ్బరిపాలు, పైనాపిల్ జ్యూస్ కలిపిన కాక్‌టెయిల్ పెద్ద గ్లాసు ఒక పూట భోజనంతో సమానం. "నేను తాగను, మాక్‌టెయిలే" అనేవాళ్ళు సిరప్ లేకుండా అడగాలి. పక్కన పెట్టే వేయించిన పల్లీలు గుప్పెడు 170. నడుం లెక్కలో అసలు మందు కంటే దాంతో లోపలికి పోయే ఈ మంచింగే ఎక్కువ చెడుపు.

పెద్దవాళ్ళకి ముఖ్యమైన మాట. రాత్రి బాగా తినాలని పొద్దున్న టిఫిన్ మానేయడం ఓడలో ఫ్యాషన్. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్ర వేసుకుని తిండి మానేస్తే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, తల తిరగడం, ఇవన్నీ సముద్రం పడకపోవడం వల్ల అనుకుని పడుకోబెట్టేస్తారు. అందుకే గ్లూకోమీటరు వెంట ఉండాలి, ముందు వేలు గుచ్చి చూడాలి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో ఏమీ పోయకండి, ఓడలో డాక్టరు ఉంటారు, పిలవండి.

సాగర్‌నగర్:
మాస్టారూ, సముద్రం పడనివాళ్ళు ఏం చేయాలి? వికారానికి బిస్కెట్లు నములుతూనే ఉండమంటారు కదా.

పెదవాల్తేరు మాస్టారు:
ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది, నిండు కడుపూ పెంచుతుంది. నిజానికి కావాల్సింది రెండు ఉప్పు బిస్కెట్లో, పచ్చ ఆపిల్ ముక్కలో, అల్లం ముక్కో. ప్యాకెట్ మొత్తం కాదు. క్రీమ్ బిస్కెట్ల జోలికి అసలు పోకండి. వానాకాలం బంగాళాఖాతం ఊపుతుంది కాబట్టి వికారాన్ని ఆపే ప్రొమెథజీన్ మాత్ర బయల్దేరడానికి ఒకటి రెండు గంటల ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే నిలవదు. అది నిద్రమత్తు తెస్తుంది. దాని మీద మద్యం తాగకూడదు. గ్లకోమా (కంట్లో నీటికాసులు), ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే. కేబిన్ బుక్ చేసేటప్పుడే ఓడ మధ్యలో, కింది డెక్కులో అడిగితే ఊపు తక్కువ.

పోపులడబ్బా:
దిగాక ఏం చేయాలో కూడా రాసేస్తా. కాటా మీద దిగిన రోజు ఎక్కకండి. ఎక్కే రోజు పొద్దున్న పరగడుపున ఒకసారి, దిగాక ఐదో రోజు పొద్దున్న ఒకసారి, అదే కాటా మీద. దానికన్నా టేపు నమ్మకం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. బొడ్డు మీదుగా కొలిస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. మగవాళ్ళు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళు 80 దాటకూడదని మన దేశానికి పెట్టిన హద్దు.

"లంఖణం" పేరుతో రెండు రోజులు పస్తులు, జ్యూసులు వద్దు. మూడోరోజు దానికి రెట్టింపు తింటారు. బీరకాయ, సొరకాయ, ఆకుకూర పప్పు, పల్చటి మజ్జిగ, ఉప్పు తగ్గించి. ఊరగాయ, అప్పడం, వడియం నాలుగు రోజులు పక్కన పెడితే ఆ నీరు త్వరగా దిగుతుంది. బీచ్‌లో మురీ మిక్సర్ (మరమరాల మిక్చర్) తినొచ్చు, బజ్జీల బండి దగ్గర ఆగకండి.

సాగర్‌నగర్:
ఒక్కటి మిగిలింది. ఇన్సులిన్ కేబిన్ ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

పెదవాల్తేరు మాస్టారు:
తెరవని పెన్నులకి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. కేబిన్లలో ఉండే మినీబార్ కొన్నిచోట్ల అంత చల్లగా ఉండదు, కొన్నిచోట్ల వెనక గోడకి ఆనించిన సీసా గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాలి. ఎక్కగానే ఓడ మెడికల్ సెంటర్‌లో అడగండి, ఫ్రిజ్‌లో పెడతారేమో. వాడుతున్న పెన్ను మామూలుగా 30 డిగ్రీలలోపు గదిలో నాలుగు వారాలు ఉంటుంది. రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాని డబ్బా మీద చూడండి. ఏసీ కేబిన్లో బల్ల మీద పెట్టినా సరిపోతుంది. కిటికీ పక్కన ఎండ తగిలేచోట మాత్రం వద్దు. సూదులు చెత్తబుట్టలో వేయకుండా డబ్బా అడిగి తీసుకోండి.