స్మెల్స్ గుడ్ అనాలా, స్మెల్స్ వెల్ అనాలా?

నమస్తే అండీ, మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, మా పాప ఏడో తరగతి. ఎడ్జెక్టివ్ నామవాచకం గురించి, ఎడ్వెర్బ్ క్రియ గురించి చెప్తుందని ఇద్దరికీ అర్థమైంది. చివర ‘లీ’ ఉంటే ఎడ్వెర్బ్ అని ట్యూషన్‌లో చెప్పారట, మరి ఫ్రెండ్లీ ఎడ్జెక్టివ్ ఎలా అయింది? హార్డ్‌లీ అయితే మరీ అన్యాయం, ‘హీ వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడతాడని, ‘హీ హార్డ్‌లీ వర్క్స్’ అంటే దాదాపు పనే చేయడని!

సరే, అవి బట్టీ పట్టిస్తా. అసలు చిక్కు ‘ద సాంబార్ స్మెల్స్ గుడ్’ దగ్గర. స్మెల్స్ క్రియే కదా, పక్కన వెల్ ఎందుకు రాదు? తెలుగులో ‘చక్కగా ఉంది’, ‘చక్కగా పాడింది’ రెండింటికీ ఒకే ‘గా’ సరిపోతుంది, అందుకే ‘షీ లుక్స్ బ్యూటిఫుల్’, ‘షీ సింగ్స్ బ్యూటిఫుల్లీ’ మధ్య తేడా తనకి చెప్పలేకపోతున్నా. లుక్, స్మెల్, టేస్ట్ లాంటివి లింకింగ్ వెర్బ్స్ (అంటే కర్తని దాని గుణంతో కలిపే క్రియలు) అని చదివా, కానీ ‘షీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మీ’ కూడా కరెక్టేనట. ఒకే లుక్ ఎప్పుడు లింకింగో ఎలా పట్టుకోవాలి? దాని బదులు ‘ఈజ్’ పెట్టి చూస్తే సరిపోతుందా? టీచర్లెవరైనా ఉంటే కాస్త తెలుగు ఉదాహరణలతో చెప్పండి, సోమవారం టెస్ట్, తనకంటే నాకే టెన్షన్‌గా ఉంది.