జీసాక్‌లో సెలెక్ట్ అయ్యాను, మెంటర్లు మన దగ్గర్నుంచి అసలు ఏం ఆశిస్తారు?

కాకినాడ_కోడర్:
అందరికీ నమస్తే. బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. ఈసారి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో (జీసాక్, అంటే ఓపెన్ సోర్స్, అందరికీ కోడ్ తెరిచి ఉంచే ప్రాజెక్ట్‌లలో మెంటర్ సాయంతో పనిచేసే గూగుల్ ప్రోగ్రామ్) సెలెక్ట్ అయ్యాను, 350 గంటల ప్రాజెక్ట్, ఒక డెస్క్‌టాప్ యాప్, సీ ప్లస్ ప్లస్. ఇప్పుడు కమ్యూనిటీ బాండింగ్, అంటే కోడింగ్ మొదలయ్యే ముందు ప్రాజెక్ట్ వాళ్ళతో పరిచయం పెంచుకునే టైం, నడుస్తోంది. మా కాలేజీలో ఇంతకుముందు ఇది చేసినవాళ్ళు ఎవరూ లేరు అందుకే ఇక్కడ అడుగుతున్నా. మెంటర్ జర్మనీలో ఉంటారు, చాలా మంచివారు కానీ ఒక్కోసారి రిప్లై రావడానికి రెండు రోజులు పడుతుంది. రోజూ రిపోర్ట్ పంపాలా? చిన్న చిన్న డౌట్లు కూడా అడగొచ్చా, లేక వీడికి ఏమీ రాదు అనుకుంటారా? జూన్‌లో సెమ్ ఎగ్జామ్స్ ఉన్నాయి, ఆ విషయం ఇంకా చెప్పలేదు, చెప్తే తీసేస్తారేమో అని భయంగా ఉంది. ప్రపోజల్‌లో (అప్లై చేసేటప్పుడు ఇచ్చిన ప్లాన్) రాసిందంతా పూర్తవకపోతే ఫెయిల్ చేస్తారా?

ఓరుగల్లు_రూట్:
ముందు ఎగ్జామ్స్ సంగతి ఇవాళే చెప్పు తమ్ముడూ. 350 గంటలు 12 వారాల్లో అంటే వారానికి ముప్పై గంటల దాకా పడుతుంది, ఎగ్జామ్స్ వారంలో అది అయ్యే పని కాదని వాళ్ళకీ తెలుసు. తేదీలు ఇచ్చేసి ఆ గంటలు ఎప్పుడు కవర్ చేస్తావో కూడా చెప్తే మెంటర్, ఆర్గ్ అడ్మిన్ (ప్రాజెక్ట్ సంస్థ తరఫున జీసాక్ చూసుకునేవాళ్ళు) కలిసి షెడ్యూల్ మారుస్తారు, అవసరమైతే 22 వారాల దాకా పొడిగించుకునే వీలు కూడా ఉంది. చెప్పకుండా మాయమైపోతేనే కష్టం, రెండు వారాలు కమిట్ (కోడ్‌లో చేసి సేవ్ చేసిన మార్పు) లేదు మెసేజ్ లేదు అంటే మిడ్‌టర్మ్‌లో (మధ్యలో జరిగే మదింపు) ఫెయిల్ చేయడానికి వాళ్ళకి వేరే కారణం అక్కర్లేదు. మిడ్‌టర్మ్‌లో ఫెయిల్ అయితే ప్రోగ్రామ్ అక్కడితో ముగిసిపోతుంది, స్టైపెండ్‌లో 45 శాతం అది పాసయ్యాకే, మిగతా 55 ఫైనల్ తర్వాత.

ప్యాచ్_అక్క:
నేను కొన్నేళ్ళుగా ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లో మెంటర్‌గా ఉన్నా కాబట్టి అవతలి వైపు నుంచి చెప్తా. మెంటర్లు వాలంటీర్లు, చాలామంది ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట, వీకెండ్‌లో నీ కోడ్ చూస్తారు. అందుకే ఆయన్ని ఒక్కణ్ణే పట్టుకుని ప్రైవేట్‌గా అడగొద్దు, ప్రాజెక్ట్ చానెల్‌లో అందరికీ కనబడేలా అడుగు, ఆయన నిద్రపోతున్నా ఇంకొకరు చెప్తారు. "హలో సర్" అని పెట్టి జవాబు కోసం కూర్చోవద్దు, ఒకే మెసేజ్‌లో నువ్వు ఏం చేయబోయావు, ఏ కమాండ్ కొట్టావు, ఎర్రర్ ఏం వచ్చింది, ఏమేం ట్రై చేశావు అన్నీ రాసేయ్. అలా రాస్తే డౌట్ ఎంత చిన్నదైనా ఎవరూ చిన్నచూపు చూడరు, నిజంగా. అర్ధరోజు నీ అంతట నువ్వు దాంతో కుస్తీ పట్టు, తేలకపోతే అడుగు, వారం రోజులు మౌనంగా కుమిలిపోయి "అంతా బాగానే జరుగుతోంది" అని రాసే పిల్లల్ని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే అప్పటికి సాయం చేసే టైం కూడా దాటిపోయి ఉంటుంది. రోజూ రిపోర్ట్ అడిగే ప్రాజెక్ట్‌లు ఉన్నాయి, వారానికొకసారి చాలనేవీ ఉన్నాయి, ఇది బాండింగ్ పీరియడ్‌లోనే మెంటర్‌తో తేల్చుకో.

ఇక కోడ్ గురించి. చివరి వారంలో మూడు వేల లైన్ల పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే నీ కోడ్‌ని ప్రాజెక్ట్‌లో కలపమని పంపే రిక్వెస్ట్) ఒకటి తెచ్చి పడేస్తే దాన్ని రివ్యూ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. మొదటి వారం నుంచే చిన్న చిన్న ముక్కలుగా పంపు, పూర్తవకపోయినా డ్రాఫ్ట్‌గా పెట్టు. టెస్టులు కూడా అందులోనే ఉండాలి. కమిట్ మెసేజ్‌లో ఏం మార్చావో కాదు ఎందుకు మార్చావో రాయి, ఏం మార్చావో డిఫ్‌లో (పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ తేడా చూపించేది) కనబడుతుంది కదా. రివ్యూలో ఇరవై కామెంట్లు వచ్చాయంటే నీ కోడ్ చెత్త అని కాదు, ఇరవై చోట్ల శ్రద్ధగా చదివారని. ఒప్పుకోలేకపోతే కారణంతో వాదించు, అది కూడా వాళ్ళు ఆశించేదే.

హైదరాబాదీ_హ్యాకర్:
నేను అవుట్‌రీచీ చేశాను, అది కూడా జీసాక్ లాంటి ఓపెన్ సోర్స్ ఇంటర్న్‌షిప్ ప్రోగ్రామే. అక్కడైతే అప్లై చేసేటప్పుడే కాలేజీ క్లాసులు, ఎగ్జామ్స్, వేరే పనులు అన్నీ రాయించుకుంటారు, వారానికి 30 గంటలు కుదురుతుందా లేదా చూసి గానీ తీసుకోరు. అంటే టైం గురించి నిజం చెప్పడం మామూలు విషయమే, భయపడకు. ఇంకోటి, రెండు వారాలకొకసారి బ్లాగ్ రాయిస్తారు, అందులో ఒకటి మనం ఎక్కడ ఇరుక్కుపోయామో దాని గురించే.

కాకినాడ_కోడర్:
థాంక్యూ అన్నా, అక్కా. ఎగ్జామ్ తేదీలు ఇప్పుడే పంపేశాను. ఇంకో డౌట్, ఏఐతో కోడ్ రాయించుకోవచ్చా?

ప్యాచ్_అక్క:
ప్రాజెక్ట్‌ని బట్టి ఉంటుంది, ముందు వాళ్ళ కాంట్రిబ్యూటింగ్ ఫైల్ (కోడ్ పంపేవాళ్ళకి ప్రాజెక్ట్ రాసిపెట్టిన రూల్స్) చదువు. జెంటూ (ఒక లినక్స్ ప్రాజెక్ట్) లాంటివాళ్ళు 2024లోనే ఏఐతో చేసిన కాంట్రిబ్యూషన్లు వద్దని రూల్ పెట్టారు. వాడనిచ్చే చోట కూడా వాడానని చెప్పి వాడు, ప్రతి లైన్ ఎందుకుందో అడిగితే చెప్పగలగాలి. నీకే అర్థం కాని కోడ్ పంపితే ఆ భారం మెంటర్ మీద పడుతుంది, అది నాకైతే అస్సలు నచ్చదు.

ఓరుగల్లు_రూట్:
ప్రపోజల్ గురించి అడిగావు కదా, పనిలోకి దిగాక స్కోప్ (ఎంత పని చేయాలన్నది) మారడం చాలా మామూలు. సగంలో ఒక ఫీచర్ పక్కన పెడదాం అని ఇద్దరూ అనుకుంటే దాన్ని రాతలో పెట్టుకోండి. చివర్లో ఒక లింక్ సబ్మిట్ చేయాలి, అందులో ఏం చేశావు, ఏం మెర్జ్ అయింది (ప్రాజెక్ట్ కోడ్‌లో కలిసింది), ఏం మిగిలింది అన్నీ ఉండాలి, ఇప్పట్నుంచే వారం వారం నోట్స్ పెట్టుకుంటే ఆ పేజీకి ఒక సాయంత్రం చాలు.