4294967297: దేనితో భాగించినా శేషం 1 ఎందుకు వస్తోంది?

పర్లాకిమిడి సభ్యుడు:
నిన్న సాయంత్రం నుంచి ఈ ఒక్క సంఖ్య దగ్గరే ఆగిపోయి విసుగెత్తిపోయాను. 4294967297 ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చుకోవడానికి, 2 మొదలుకొని దాని వర్గమూలానికి అతి దగ్గరైన 65536 వరకు ప్రతి సంఖ్యతోనూ భాగించి చూశాను. నిశ్శేషంగా పోవడం అటుంచి, ప్రతిసారీ శేషం 1 మాత్రమే వస్తోంది. మా ట్యూషన్ పిల్లల ఒడియా గైడులో మాత్రం ఇది సంయుక్త సంఖ్య అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏది నిజం?

రాయగడ సభ్యుడు:
641తో భాగించండి.

పర్లాకిమిడి సభ్యుడు:
641 కూడా ఆ వరుసలో ఉన్నదేనండీ. దానితోనూ 1 వచ్చింది.

బరంపురం మాస్టారు:
నాయనా, అన్ని భాగహారాలు అవసరమే లేదు. ఇది 2³² + 1, అంటే 2^(2^న) + 1 రూపంలో న = 0 నుంచి లెక్కిస్తే అయిదవ ఫెర్మా ప్రధాన సంఖ్య. దీనికి కారణాంకం ఉంటే అది 64క + 1 రూపంలోనే ఉండాలని గ్రహించిన ఆయిలర్, 1732లో 193, 257, 449, 577లను దాటి అయిదవదైన 641 దగ్గర దీన్ని విడగొట్టాడు. చేత్తోనే సరిచూసుకోవచ్చు. 641 అంటే 5×2⁷ + 1. అదే 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపాన్ని బట్టి 5⁴×2²⁸ను 641తో భాగిస్తే శేషం 1. రెండవ రూపాన్ని బట్టి అందులో 5⁴కు బదులు −2⁴ వేయవచ్చు. కాబట్టి 2³² + 1 నిశ్శేషంగా పోతుంది.

సిరొంచ సభ్యురాలు:
మాస్టారూ, విడిపోయే సంఖ్యను ప్రధాన సంఖ్య అని ఎలా అంటారు? ఇది ఫెర్మా సంఖ్య మాత్రమే. ఫెర్మా ప్రధాన సంఖ్యలుగా ఇంతవరకు తెలిసినవి 3, 5, 17, 257, 65537 అనే అయిదే.

బరంపురం మాస్టారు:
ఈ రూపంలోని సంఖ్యలన్నీ ప్రధానాలేనని ఫెర్మా నమ్మాడు కనుక అన్నానమ్మా.

సిరొంచ సభ్యురాలు:
ఆయన నమ్మినంత మాత్రాన సంఖ్య మారదు కదండీ.

రాయగడ సభ్యుడు:
అంకెల మొత్తం 59 కనుక 3తో భాగిస్తే శేషం 2 రావాలి. మీకు 1 వచ్చిందంటే అక్కడే తేడా ఉంది. భాగహారం దేనితో చేస్తున్నారు?

పర్లాకిమిడి సభ్యుడు:
సీ ప్రోగ్రాంతోనండీ, ఇన్ని వేల భాగహారాలు చేత్తో ఎవరు చేస్తారు? సంఖ్యను అన్‌సైన్డ్ ఇంట్ అనే రకం చలరాశిలో పెట్టాను.

రాయగడ సభ్యుడు:
అది ముందే చెప్పవలసింది. అందులో 32 బిట్లే ఉంటాయి కనుక 4294967295 దాటగానే లెక్క మళ్ళీ 0 నుంచి మొదలవుతుంది. మీ సంఖ్య అక్కడికి చేరేసరికి 1 అయింది. ఆ 1ని దేనితో భాగించినా శేషం 1 కాక మరేమొస్తుంది? అంతకన్నా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ రకం వాడండి.

పర్లాకిమిడి సభ్యుడు:
641 దగ్గర సున్నా వచ్చింది, భాగఫలం 6700417. థాంక్సండీ.

బరంపురం మాస్టారు:
ఆ 6700417 మాత్రం ప్రధాన సంఖ్యే, దానికి ప్రోగ్రాం కూడా అక్కరలేదు. ఇందాకటి 64క + 1 రూపాన్ని 1878లో ఫ్రెంచి గణితవేత్త ల్యూకా 128క + 1కు కుదించాడు; 6700417ను భాగించేది 4294967297నూ భాగిస్తుంది కనుక దానికీ ఇదే రూపం ఉండాలి. 6700417 వర్గమూలం 2589 లోపే కనుక, అంతలోపు ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409లతో భాగించి చూస్తే చాలు.